చారిత్రక నవల ఎంచుకునేటప్పుడు: గడి కథ ముందా, కోట కథ ముందా?

చదవడానికి మంచి చారిత్రక నవల ఒకటి చెప్పమని నల్లగొండలోనో పాలమూరులోనో ఎవరైనా అడిగితే, వచ్చే జవాబులు సాధారణంగా రెండు తీరులుగా ఉంటాయి. తెలుగు పండితులు, పాత తరం ఉపాధ్యాయులు అడవి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణల పేర్లు చెబుతారు. ఉద్యమాల్లో తిరిగినవారు, గ్రంథాలయాల్లో పెరిగినవారు వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్యుల పేర్లు చెబుతారు. రెండు జవాబులూ సరైనవే. అయితే అవి రెండు వేర్వేరు జాతుల నవలలు. మొదటి జాతి కోటల్లోనూ కొలువుకూటాల్లోనూ నడుస్తుంది, రెండోది గడి (ఊరి దొర కోటలాంటి ఇల్లు) ముంగిట, వెట్టివాని గుడిసెలో, సంగం (ఊళ్లలో ఆంధ్ర మహాసభను పిలిచిన పేరు) సభలో నడుస్తుంది. ఒకదాన్ని ఆశించి మరొకదాన్ని చేతిలోకి తీసుకున్న పాఠకుడు యాభై పేజీలు దాటకుండానే పుస్తకం మూసేస్తాడు, తర్వాత చారిత్రక నవల అంటేనే తనకు పడదని తేల్చుకుంటాడు.

దక్షిణ తెలంగాణ పాఠకుడు గడి కథతో మొదలుపెట్టి కోట కథకు వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం. చరిత్రను కాలక్రమంలో చదవాలి కాబట్టి శాతవాహనులతో మొదలుపెట్టి నిజాం దాకా రావాలని చాలామంది సలహా ఇస్తారు. పాఠ్యపుస్తకానికి అది సరైన పద్ధతే, నవలకు మాత్రం తిరగేసిన క్రమమే పనిచేస్తుంది. అలా ఎందుకంటున్నానో ముందు వివరించి, తర్వాత ఒక్కొక్క నవల దగ్గరికి వెళ్తాను.

దగ్గరి చరిత్ర ముందు

ఏ చారిత్రక నవలలోనైనా ఆధారం ఉన్న భాగం కొంత, రచయిత ఊహించిన భాగం కొంత ఉంటాయి. ఏది ఎంతవరకు ఊహో పోల్చుకోగలిగిన పాఠకుడికే ఆ నవల పూర్తిగా అందుతుంది. ఆ పోలిక మనకు అలవాటు కావాలంటే, నవల చెప్పే కాలాన్ని సరిచూడగల మనిషో వస్తువో ఊళ్లో ఉండాలి. 1940ల నాటి నల్లగొండ గురించి చదువుతున్నప్పుడు అలాంటి మనుషులు ఇంకా ఉన్నారు. లెవీ ధాన్యం కోసం పటేల్ పట్వారీలు ఇంటి మీదికి వచ్చినప్పుడు గింజలు ఎక్కడ దాచారో, నాలుగణాలు కట్టి సంగం చీటి తీసుకున్నందుకు దొర ఏమన్నాడో, రజాకార్లు వస్తున్నారని తెలిసిన రాత్రి ఏ గుట్ట మీదికి పోయారో చెప్పగల ముసలివాళ్లు మన కుటుంబాల్లోనే కనిపిస్తారు. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్యను కళ్లారా చూసి గుర్తుపెట్టుకున్న తరం ఇప్పుడు ఎనభై దాటింది. కాకతీయుల నవలను పదేళ్ల తర్వాత చదివినా దాన్ని సరిచూసే శాసనం ఉన్నచోటే ఉంటుంది. గడి నవలను సరిచూసే తాతమ్మ అప్పటికి ఉండకపోవచ్చు. క్రమాన్ని తిరగేసి చదవమనడానికి ఇదొక్కటే చాలిన కారణం.

భాష మరో కారణం. రుద్రమదేవి కాలాన్ని రాసినవారు అప్పటి మాటతీరు ఇలా ఉండేదేమోనని ఒక గ్రాంథికచ్ఛాయను కల్పించుకున్నారు. నిజాం కాలాన్ని రాసినవారికి ఆ కల్పన అవసరం లేకపోయింది. అమీను, గిర్దావరు, తాలూక్‌దారు, మాలీపటేలు, బేగారి, జీతగాడు, ఆడబాప వంటి మాటలు మన ఇళ్లలో నిన్నమొన్నటిదాకా నలిగినవే. ఆ మాటలు నాలుక మీద ఉన్న పాఠకుడికి నవల సగం తెలిసినట్టే ఉంటుంది, మిగతా సగం మీద మనసు పెట్టవచ్చు.

ఆళ్వారుస్వామి, రంగాచార్య: ఎవరితో మొదలుపెట్టాలి

వట్టికోట ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతపు చెరువు మాదారంలో 1915లో పుట్టారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు అచ్చువేసి ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆయన 'ప్రజల మనిషి' కథ నిజామాబాదు వైపు దిమ్మెగూడెం అనే ఊళ్లో జరుగుతుంది. దొర రామభూపాలరావు, పేద వైష్ణవ కుటుంబంలో పుట్టిన కంఠీరవం ఇందులో ముఖ్యపాత్రలు. నిజాం, దొరల మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు, ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి చేరుతున్న రోజుల్లో, ఒక మామూలు గ్రామంలో భయం ఎలా సడలిందో, చదువూ గ్రంథాలయమూ సభా కలిసి మనుషుల నడుము ఎలా నిలబెట్టాయో ఈ నవల చెబుతుంది. శైలి నిరాడంబరం. వర్ణనల కోసం ఆగదు, ఉద్వేగాన్ని పెంచి చూపించదు. కొందరు పాఠకులకు ఇది చప్పగా అనిపిస్తుంది. అయినా సంఘటనల వెనుక ఉన్న యంత్రాంగాన్ని, అంటే భూమి ఎలా చేతులు మారింది, అప్పు ఎలా తరాల మీద పడింది, దొరకూ సర్కారుకూ మధ్య పట్వారీ ఎలా పనిచేశాడు అనేవాటిని ఇంత ఓపికగా విప్పి చూపిన నవల మరొకటి దొరకడం కష్టం. దాని తర్వాతి కాలాన్ని చెప్పడానికి ఆయన మొదలుపెట్టిన 'గంగు' 1961లో ఆయన మరణించాకే పుస్తకంగా వెలువడింది. అది అసంపూర్ణ రచన కనుక మొదటి పుస్తకంగా తీసుకోవద్దు.

ఆళ్వారుస్వామి తలపెట్టిన పనిని కొనసాగించాలన్న సంకల్పంతోనే తాను నవలలు రాశానని దాశరథి రంగాచార్య చెప్పుకున్నారు. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వరసగా చదివితే, పోరాటానికి ముందరి గడి పాలన, పోరాటం, పోలీసు చర్య తర్వాతి తెలంగాణ ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. వీటిలో మొదట చదవవలసింది నిస్సందేహంగా 'చిల్లర దేవుళ్లు'. కృష్ణా ప్రాంతం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతగాడు సారంగపాణి ఒక దేశ్‌ముఖ్ గడిలో అడుగుపెడతాడు. పరాయి మనిషి కళ్లతో గడిని చూపడంలో రచయిత నేర్పు ఉంది. ఆ ఊళ్లో పుట్టినవాడికి వెట్టి గాలిలాంటిది, కనపడదు. బయటినుంచి వచ్చిన పాణికి ప్రతిదీ కంటబడుతుంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఒక్కొక్కరూ పైసా లేకుండా ఏ పని ఎందుకు చేస్తున్నారో, పెళ్లైన దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాప బతుకు ఎవరి చేతిలో ఉందో అతనితోపాటు మనమూ కొత్తగా చూస్తాం. సంభాషణల్లో తెలంగాణ తెలుగు, మధ్యమధ్య ఉర్దూ ఎక్కడ ఎవరి నోట ఎంత రావాలో అంతే వస్తాయి.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కథ చదివించుకుపోవడంలో రంగాచార్య ముందుంటారు, వ్యవస్థను అర్థం చేయించడంలో ఆళ్వారుస్వామి ముందుంటారు. నవలలు చదివే అలవాటు లేనివారికి 'చిల్లర దేవుళ్లు' ఇవ్వండి. ఇప్పటికే తెలంగాణ చరిత్ర కొంత చదివి, అందులో పేర్లూ తేదీలే తప్ప మనుషులు కనిపించలేదని బాధపడేవారికి 'ప్రజల మనిషి' ఇవ్వండి. 'మోదుగుపూలు' కోసం తొందరపడనక్కరలేదు. సాయుధ పోరాట కాలాన్ని చెప్పే ఆ నవలలో ఆదర్శం పాలు ఎక్కువ, ముందరి నవలలో గడిని చూసి వచ్చినవారికే ఆ ఆదర్శం వెనుక ఉన్న కోపం తెలుస్తుంది.

ఈ వరసలో మరికొన్ని పేర్లు ఉన్నాయి. బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' 1947లోనే, అంటే పోరాటం ఇంకా సాగుతుండగానే వచ్చింది. ముగింపు ఏమవుతుందో తెలియని కాలంలో రాసిన నవల కనుక దానికొక వేడి ఉంది, కానీ కోస్తా రచయిత దూరంనుంచి విని రాసిన తేడా కూడా కనిపిస్తుంది. మహీధర రామమోహనరావు 'ఓనమాలు', 'మృత్యువు నీడల్లో' రాజకీయ చర్చను ఇష్టపడేవారికి నచ్చుతాయి. అంపశయ్య నవీన్ 'కాలరేఖలు'కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నిజాం పాలన చివరి ఏళ్లనుంచి ఒక పిల్లవాడి ఎదుగుదలతోపాటు కాలాన్ని చూపే పెద్ద నవల అది. పోరాట వీరుల కథ కాక, ఆ రోజుల్లో ఒక మామూలు కుటుంబం ఎలా బతికిందో తెలుసుకోవాలనుకునేవారు దీన్ని ఎంచుకోవచ్చు.

కాకతీయుల కాలం: బాపిరాజా, నోరియా

గడి నవలలు ఒకటి రెండు చదివాక కోటలోకి అడుగుపెట్టే పాఠకుడికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇద్దరూ రుద్రమదేవి కాలాన్నే రాశారు. బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' ఒకే సింహాసనం చుట్టూ తిరుగుతాయి, అయినా రెండూ చదివినవారికి రెండు వేర్వేరు రాజ్యాలు చూసినట్టే ఉంటుంది.

వీటిలో దేన్ని చదవాలో చెప్పే ముందు నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఉన్న ఒక రాతిని చూడాలి. 1289 నవంబరు 27 నాటి ఆ శాసనం, కాకతి రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడని చెబుతుంది. రుద్రమ 1295 దాకా పాలించిందని చరిత్ర పుస్తకాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. ఈ శాసనం వెలుగులోకి వచ్చాక ఆ సంవత్సరాన్ని దిద్దవలసి వచ్చింది. అయితే ఆమె ఎలా మరణించిందో ఆ రాయి చెప్పదు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడి తిరుగుబాటును అణచబోయి యుద్ధంలో మరణించి ఉంటుందని చరిత్రకారులు అనుమానిస్తారు. రాణీ సేనానీ ఒకేసారి పోయారన్న ఒక్క ముక్కనుంచి కట్టిన ఊహ అది. ఒక మహారాణి మరణం గురించి మనకు మిగిలింది ఒక సేవకుడు ఇచ్చిన నేల లెక్క. చారిత్రక నవలా రచయిత పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే. రాయి ఎక్కడ మాట్లాడటం ఆపిందో గమనించి, అక్కడినుంచి ఎంత దూరం, ఏ దిక్కుగా ఊహించాడన్నదే అతని విలువను నిర్ణయిస్తుంది.

బాపిరాజు చాలా దూరం ఊహించారు. ఆయన చిత్రకారుడు, కవి, హైదరాబాదునుంచి వచ్చిన 'మీజాన్' దినపత్రికకు సంపాదకుడిగా కూడా పనిచేశారు. ఆయన గన్నారెడ్డి లోకం దృష్టిలో గజదొంగ, లోపల మాత్రం రుద్రమకు నమ్మిన బంటు. పెళ్లిపీటల మీది వరుణ్ణి అతడు ఎత్తుకుపోవడంతో కథ ఉరకలు మొదలుపెడుతుంది, అన్నాంబికా గన్నారెడ్డుల ప్రేమకథగా, కుట్రలూ కోటముట్టడుల కథగా చివరిదాకా ఆగకుండా సాగుతుంది. మన పాలమూరు పాఠకుడికి దీనిలో సొంత ఆకర్షణ ఒకటి ఉంది. గోనవారి వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. అదే వంశపు గోన బుద్ధారెడ్డి పేరు ద్విపదలో సాగిన రంగనాథ రామాయణంతో ముడిపడి ఉంది. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక, మరణించిన తన భర్త మల్యాల గుండనాథుడి స్మృతిలో 1276లో వేయించిన శాసనం మన భూత్పూరులో, అంటే నాటి బుద్ధాపురంలో ఉంది. ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా చెప్పేవారున్నారు. నవలలో వీరులు గుర్రాలు దౌడు తీయించే నేల మీదుగానే నేడు జాతీయ రహదారి మీద బస్సులో వెళ్తున్నామన్న ఎరుక, ఆ పుస్తకం చదివాక ఎవరికైనా కలుగుతుంది.

ఆ ఎరుక విలువైనదే, కానీ నవలలోని గజదొంగ వేషమంతా బాపిరాజు సృష్టి అని గుర్తుపెట్టుకోవాలి. రాయచూరు కోట గోడమీది 1294 నాటి శాసనంలో కనిపించే గన్నారెడ్డి, కోట కట్టించిన విఠలుడికి పైన ఉన్న ప్రభువు, కాకతీయ సామంతుడు. దొంగగా తిరిగిన జాడ అక్కడ లేదు. సినిమాల పుణ్యమా అని ఈ వేషం చరిత్రగా స్థిరపడిపోయింది, గ్రూప్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు కూడా దాన్ని నిజమని నమ్ముతున్నారు. వారికి 'గోన గన్నారెడ్డి' తప్పక ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఈ ఒక్కమాట చెప్పి ఇవ్వండి.

నోరి నరసింహశాస్త్రి అంత దూరం పోరు. రేపల్లెలో న్యాయవాదిగా ఉన్న ఆయనకు ఆధారాన్ని తూచి చూడటం అలవాటు. ఆయన నవలల్లో మతసంఘర్షణ, పండితుల వాదాలు, రాజనీతి, ఏ కావ్యం ఏ సభలో ఎవరి ముందు చదివారన్న విషయాలు కథకు ప్రాణం. 'రుద్రమదేవి'లో రాణి కంటే రాజ్యం పెద్దదిగా కనిపిస్తుంది. ఒక స్త్రీ సింహాసనం మీద కూర్చుంటే సామంతులూ మతాచార్యులూ ఏమేమి లెక్కలు వేసుకున్నారన్నది ఆయనకు ఆసక్తి. నడక నెమ్మది, భాష బరువు. కథ కోసం చదివేవారు విసుగుపడతారు. అయితే పాల్కురికి సోమనాథుణ్ణో తిక్కననో ఇష్టంగా చదివినవారికి ఇది పండుగ. నన్నయ కాలానికి 'నారాయణభట్టు', రెడ్డిరాజుల కాలానికి 'మల్లారెడ్డి', శ్రీనాథుడికి 'కవిసార్వభౌముడు' రాసి, తెలుగు సాహిత్య చరిత్రను నవలల వరసగా చెప్పిన ఘనత ఆయనది. రాచకొండ, దేవరకొండ దుర్గాలు ఎక్కి, ఈ పద్మనాయక రాజుల కొలువులో కవులు ఎలా మెలిగారోనని ఆలోచించిన నల్లగొండ పాఠకుడు 'కవిసార్వభౌముడు' వైపు వెళ్లడం సహజం.

ఒక్కటే చదివే తీరిక ఉంటే పాతికేళ్ల లోపువారు బాపిరాజును, నలభై దాటినవారు నోరిని ఎంచుకోవచ్చని నా సలహా. రెండూ చదివేవారు మాత్రం బాపిరాజును ముందు, నోరిని తర్వాత చదవాలి. నోరి తర్వాత బాపిరాజును చదివితే ఆయన కల్పన బాలిశంగా అనిపించే ప్రమాదం ఉంది, అది బాపిరాజుకు అన్యాయం.

ఇంకా వెనక్కి

శాతవాహన, ఇక్ష్వాకుల కాలానికి బాపిరాజే శరణ్యం. 'హిమబిందు' శాతవాహనుల కాలపు కథ. 'అడివి శాంతిశ్రీ' ఇక్ష్వాకుల విజయపురి కథ. నల్లగొండవారికి రెండోది దగ్గరిది. నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే ఒక రాచకూతురి పేరును తీసుకుని బాపిరాజు నవల అల్లారు. ఆయన 1952లో కన్నుమూశారు, సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది. అంటే ఆ నవల రాసేనాటికి కృష్ణ ఒడ్డున ఆ లోయ ఇంకా నీటి కింద లేదు. సాగర్‌కు విహారానికి వెళ్లి, పడవెక్కి కొండమీది మ్యూజియం చూసి వచ్చిన పిల్లలకు ఈ నవల ఇస్తే, ఆ నీళ్ల అడుగున ఒక రాజధాని ఉండేదన్న మాటకు రూపం వస్తుంది. వర్ణన మరీ ఎక్కువన్నది నిజమే. నడుమ కొన్ని పేజీలు వేగంగా తిప్పినా కథ చెడదు.

విశ్వనాథ సత్యనారాయణను ఈ వరసలో ఎక్కడ పెట్టాలన్నది కష్టమైన ప్రశ్న. పురాణవైర గ్రంథమాలలోని 12 నవలలు పాశ్చాత్యులు రాసిన భారతచరిత్ర కాలక్రమంతో వాదానికి దిగినవి. ఆ వాదం ముందే తెలియనివారికి అవి అందవు. విశ్వనాథను మొదటిసారి చదివేవారు 'ఏకవీర' తీసుకోవాలి. మధుర నాయక రాజుల కాలం అందులో నేపథ్యం మాత్రమే. ఇద్దరు స్నేహితులు, తారుమారైన రెండు పెళ్లిళ్లు, మనసును ధర్మం అదుపుచేసిన తీరు అసలు కథ. చరిత్ర తెలుసుకోవడానికి దీన్ని సిఫారసు చేయను, నవల ఎంత ఎత్తుకు వెళ్లగలదో తెలుసుకోవడానికి చేస్తాను.

మన నేలతో సంబంధం లేకపోయినా వదలకూడని పుస్తకం తెన్నేటి సూరి 'చంగిజ్‌ఖాన్'. 1950 నాటి ఈ నవల, రక్తపిపాసిగా పేరుమోసిన మనిషిని తెగల తగవుల మధ్య తండ్రిని కోల్పోయిన పిల్లవాడిగా మొదలుపెట్టి చూపిస్తుంది. తెలుగు వాక్యం ఎంత వేగంగా పరుగెత్తగలదో చూడాలనుకునేవారు దీన్నే చదవాలి. చదివే అలవాటు తప్పిపోయిన ఇంటర్మీడియట్ పిల్లలకు నేను గడి నవలలకంటే ముందు ఇచ్చే పుస్తకం ఇదొక్కటే. ఈ కాలపు రచనల్లో బండి నారాయణస్వామి 'శప్తభూమి'ని తప్పక చెప్పాలి. రాయలసీమ పాలెగాళ్ల కాలాన్ని అట్టడుగు మనుషుల వైపునుంచి చెప్పిన ఈ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కోట కథనూ గడి కథనూ ఒకే పుస్తకంలో కలపడం సాధ్యమేనని ఇది చూపించింది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల మీద ఇలాంటి నవల ఒకటి రావాలని పాలమూరు పాఠకుడిగా బలంగా కోరుకుంటున్నాను. ఆ సంస్థానాల కవిపోషణ గురించి రాసినంతగా, వాటి నేల దున్నినవారి గురించి నవలలు రాలేదు.

కొనేముందు పుస్తకాన్ని పరీక్షించే తీరు

పేరున్న రచయితలను దాటి కొత్త పుస్తకం కొనాలనుకున్నప్పుడు దుకాణంలోనే నిలబడి చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. పుస్తకంలో ఒక భోజనం ఘట్టాన్ని, ఒక చెల్లింపు ఘట్టాన్ని వెతికి చదవండి. కాకతీయుల కాలపు విందులో మిరపకాయ కారం, టమాటా, ఆలుగడ్డ, పల్లీలు కనిపిస్తే రచయిత శ్రద్ధ పెట్టలేదని అర్థం. ఇవన్నీ అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసుల తర్వాత ఈ నేలకు వచ్చినవి. అప్పటి కారం మిరియాలది. అలాగే సంతలో రూపాయలు లెక్కబెడుతుంటే అనుమానించాలి. ఆ కాలపు శాసనాల్లో కనిపించేవి గద్యాణాలు, మాడలు, రూకలు, చిన్నాలు. ఓరుగల్లు కోటమీద ఫిరంగి పేలినా అంతే. యుద్ధాలూ వంశవృక్షాలూ ఎవరైనా చూసి రాయగలరు, అన్నం ముద్ద దగ్గర దొరికిపోతారు.

నిజాం కాలపు నవలలకు పరీక్ష వేరు. వాటిలో తేదీలు చాలాచోట్ల నిజాం సర్కారు వాడిన ఫసలీ లెక్కలో ఉంటాయి, దానికి 590 కలిపితే దాదాపుగా ఇప్పుడు మనం వాడే క్రీస్తుశక సంవత్సరం వస్తుంది. దొరలందరూ ఒకే అచ్చులో పోసినంత క్రూరులుగా, జనం అందరూ ఒకే గొంతుతో మాట్లాడేవారిగా ఉంటే ఆ నవలను పక్కన పెట్టవచ్చు. ఆళ్వారుస్వామి, రంగాచార్యలలో పట్వారీకీ దొరకూ మధ్య కూడా తగవు ఉంటుంది, భయపడి దొర పక్షం చేరిన పేదవాడూ ఉంటాడు. అలాంటి పాత్ర ఒక్కటైనా ఉందేమో చూడండి.

నవలతోపాటు చేతికి అందేలా ఉంచుకోవలసిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దీనికే వచ్చింది, రాసిన మనిషి మన పాలమూరువాడే. కావ్యాల్లోనుంచి తిండి, బట్ట, ఆట, నమ్మకం ఏరి కాలాల వారీగా పేర్చిన గ్రంథం కనుక, కోట నవలలో ఏ వస్తువు మీద అనుమానం వచ్చినా అందులో వెతకవచ్చు. గడి నవలలకు తోడుగా, పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్లోనే వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవాలి. నవలల్లో కథానాయికలుగా మిగిలిపోయిన ఆడవాళ్లు అందులో స్వయంగా మాట్లాడతారు. పోరాటం ముగిసి ఇంటికి వచ్చాక తమను ఎలా చూశారో వాళ్లు చెప్పిన తీరు ఏ నవలలోనూ అంత సూటిగా లేదు.

ఇతరులకు సూచించేటప్పుడు

పుస్తకం మంచిదని చెప్పడం వేరు, ఎదుటి మనిషికి సరిపోయే పుస్తకం చెప్పడం వేరు. పదవీ విరమణ చేసిన నాన్నకో మామయ్యకో ఇవ్వదలచుకుంటే పెద్ద అచ్చున్న ప్రతిని వెతకండి, కథ ఏదన్నది తర్వాత. వారు పుట్టి పెరిగింది నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో అయితే 'చిల్లర దేవుళ్లు' ఇచ్చి, వారం తర్వాత పక్కన కూర్చుని తమ ఊరి గడి గురించి అడగండి. చదువు తక్కువున్న అమ్మమ్మకు అందులోంచి ఒక అధ్యాయం గట్టిగా చదివి వినిపించినా చాలు, సంభాషణలు వినడానికి అనువుగా రాసినవే. ఉపాధ్యాయులు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నవలంతా చదవమని చెప్పకుండా, 'గోన గన్నారెడ్డి' మొదటి అధ్యాయాలు చదివించి భూత్పూరు శాసనం దగ్గరికో నంది వడ్డెమానుకో తీసుకెళితే ఆ పిల్లలు మిగతా పుస్తకాన్ని తామే అడిగి తీసుకుంటారు. పోటీ పరీక్షలవారికి తీరిక ఉండదు కనుక 'ప్రజల మనిషి' ఒక్కటే చెప్పండి. ఆంధ్ర మహాసభ గురించి బట్టీపట్టిన నాలుగు వాక్యాలకు అది మనుషుల ముఖాలు ఇస్తుంది.

ఈ పుస్తకాల్లో కొన్ని ఎప్పుడూ అచ్చులో ఉంటాయి, కొన్ని ఏళ్లకేళ్లు దొరకవు. రంగాచార్య, ఆళ్వారుస్వామి, బాపిరాజు నవలలు హైదరాబాదు దుకాణాల్లోనూ డిసెంబరు ప్రాంతంలో జరిగే పుస్తక ప్రదర్శనలోనూ సులువుగా దొరుకుతాయి. నోరివారి నవలల కోసం జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని, కోఠీలోని పాత పుస్తకాల దుకాణాలను చూడాలి. ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతులు కూడా ఉన్నాయి, కానీ వాటిలో పేజీలు జారిపోవడం, వరస తప్పడం మామూలు కనుక దించుకోగానే మొదటి, నడిమి, చివరి పేజీల సంఖ్యలు సరిచూసుకోవాలి. గ్రంథాలయంలో అడిగిన పుస్తకం బీరువాలో లేదంటే వదలకుండా, కావలసిన పుస్తకాల పట్టికలో పేరు రాయించి రండి. నలుగురైదుగురు పాఠకులు ఒకే పేరు రాస్తే, కొత్త పుస్తకాలు కొనే విడతలో ఆ పేరును పట్టించుకునే అవకాశం పెరుగుతుంది.